ఊరి పచ్చిక, ఊరి యడవి, ఊరి చెఱువు

చరిత్రమనగా రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును అని మనవారు చిరకాలము తలంచిరి. గడ్డికిని, పుల్లకును, గుంటలోని నీటికిని చరిత్ర గలదనిన నవ్వువారు నేటికిని లేకపోలేదు. కాని మన పొయ్యిలో మండిన పుల్ల యెక్కడిది, మన బిడ్డలకు పాలిచ్చిన పశువు ఎచ్చట మేసినది, మన పెరటి బావి వేసవిలో ఎండిపోకుండుటకు ఏ చెఱువు కారణము అని విచారించినచో, గృహస్థుని బ్రతుకునకు ఆధారమైన భూమిలో పెద్దభాగము ఏ యొక్కరి పట్టాలోనిదియు కాదని తెలియగలదు. అది పచ్చిక బయలు, అడవి, చెఱువు. అందఱిదియు అయినందున దానిని కాపాడువారెవరు? ఒక్కరే కాపాడవలెనా, కలిసి కాపాడవలెనా? ఈ ప్రశ్నకు మన దేశము నూటయేబది సంవత్సరములుగా చెప్పుచు వచ్చిన సమాధానములను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మొదట పూర్వస్థితిని గూర్చి ఒక మాట. బీడు, బంజరు, పోరంబోకు, కంచె, మందబాట, చెఱువు శిఖము అను మాటలు మన భాషలో నిలిచియుండుటయే గ్రామమునకు ఉమ్మడి భూములుండెననుటకు సాక్ష్యము. ఎండకాలమున మందలు ఎక్కడికి తరలవలెను, చెఱువు నీరు ఏ కాలువకు ముందు వదలవలెను, ఏ చెట్టు నఱకరాదు అను విషయములందు కట్టుబాట్లుండెను. అయితే పూర్వకాలమంతయు సత్యయుగమని చెప్పుట చరిత్ర గాదు. అనేక గ్రామములలో చెఱువు తూము కాచి నీరు పంచు నీరటివాడు అంటరానివాడని దూరముంచబడిన కులమువాడే. ఊరి పొలములకు నీరు పంచు చేతికి ఊరి బావిలో చేద ముంచు హక్కు లేదు. ఉమ్మడి అను మాటలో ఎవరు చేరిరి, ఎవరు చేరలేదు అను విచారణ ఆనాడు లేదు. ఈ లోపము మన కథలో మరల మరల తల యెత్తును గావున చదువరులు దీనిని మఱవకుందురు గాక.

ఇంగ్లీషువారి పాలనలో రైలుమార్గములు పెరుగుటతో పట్టాల క్రింద పఱచు దుంగలకును, ఇంజనులకు వలయు కట్టెలకును అడవులు తఱుగసాగెను. 1864లో అటవీశాఖ యేర్పడి, జర్మను దేశీయుడగు డీట్రిఖ్ బ్రాండిసు దానికి మొదటి ప్రధానాధికారి యయ్యెను. 1865లో ఒక చట్టమును, 1878లో మఱింత కఠినమైన చట్టమును పుట్టెను. ఇచ్చట చదువరులకు విశేషమని తోచు సంగతి యొకటి గలదు. చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డువారు ఆ చట్టములను తమ రాజధానికి వర్తింపజేయుటకు చాలకాలము అంగీకరింపలేదు. ఏదో యొక గ్రామపు పొలిమేరలో చేరని అడవి యీ రాజధానిలో దాదాపు లేదనియు, అడవులపై గ్రామస్థులకు అనాదిగా అనుభవమున్నదనియు వారు వాదించిరి. ప్రభుత్వమునకు చెందిన అధికారులే ప్రజల హక్కును పలికిన సందర్భమిది. కాని వాదము నిలువలేదు. బ్రాండిసు చెన్నపట్టణమునకు వచ్చి విచారించిన పిదప 1882లో మద్రాసు అటవీ చట్టము వెలువడెను. అడవులు రిజర్వులయ్యెను. నిన్నటి అనుభవము నేడు అనుమతి యయ్యెను. రేపటికి ఆ యనుమతియు రుసుము మీద దొరకు దయ యయ్యెను.

ఆ దయ యెట్టిదో పలనాటివారికి బాగుగా తెలిసినది. వానలు తక్కువై, రాతినేలయై, వ్యవసాయముతో సమానముగా పశుపోషణము మీద ఆధారపడిన సీమ యది. అడవిలో పశువులను మేపినందుకు పుల్లరి చెల్లింపవలెను. చెల్లింపనిచో పశువులు బందెలదొడ్డి పాలగును. 1921లో అనావృష్టియు, పుల్లరి భారమును కలిసి రైతులను క్రుంగదీయగా వారు పన్ను నిరాకరించిరి. అధికారులకు గ్రామములలో చాకలి, మంగలి సేవలు, కూరగాయలు, పాలు సైతము దొరకకుండ కట్టుబాటు చేసికొనిరి. పరిస్థితి విచారించుటకు కాంగ్రెసు పక్షమున వెడలిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులు నిర్బంధింపబడి కారాగారవాసము చేసిరి. వితంతు వివాహములకును, స్త్రీవిద్యకును, అంటరానితన నిర్మూలనమునకును పాటుపడిన ఉన్నవవారు గడ్డి పన్ను కొఱకు చెఱకు పోవుటయు, ఆ చెఱలోనే మాలపల్లి నవలను వ్రాయుటయు యాదృచ్ఛికమని మేము తలంపము. సంఘసంస్కారమును, భూసంస్కారమును వేఱు వేఱు గదులలో నుంచదగినవి కావని ఆ మహనీయుడు గ్రహించెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునందు పోలీసుల తుపాకి గుండ్లకు కన్నెగంటి హనుమంతు ప్రాణములొడ్డెను. అదే సంవత్సరమున గోదావరి మన్యములో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటునకును పోడు సేద్యము మీదను, అటవీ ఫలములమీదను విధించిన నిర్బంధములు ఒక ముఖ్యకారణము. నిజాము రాజ్యమున ఆదిలాబాదు అడవులలో గోండు వీరుడు కొమరం భీము 1940లో జోడేఘాటున నేలకొరగెను. ఆ పిదపనే నిజాము ప్రభుత్వమువారు మానవశాస్త్రజ్ఞుడగు హైమెండార్ఫు చేత గోండుల స్థితిగతులను విచారింపజేసిరి. నెత్తురు చిందినగాని విచారణ పుట్టకపోవుట ప్రభుత్వముల పాత అలవాటు.

ప్రభుత్వమువారు బొత్తిగా కన్ను మూసికొని యుండిరనుటయు న్యాయము గాదు. మద్రాసు రాజధానిలో అటవీ విచారణ సంఘమువారు 1913లో, గ్రామస్థుల మేతకును వంటచెఱకునకును ఉపయోగపడు చిన్న అడవులను గ్రామ పంచాయతీలకు అప్పగింపవచ్చునని సూచించిరి. తరువాతి దశాబ్దములలో అట్టి పంచాయతీలు కొన్ని యేర్పడెను. ఉత్తరమున హిమాలయ పాదములనున్న కుమావూను సీమలో 1921లో ప్రజలు రిజర్వు అడవులకు నిప్పు పెట్టిరి. ఆ మంటల వెలుగున ప్రభుత్వము ఫిర్యాదుల విచారణ సంఘమును నియమించి, తుదకు 1931లో వన పంచాయతీల నిబంధనలను ప్రకటించెను. ఆ పంచాయతీలు మార్పులతో నేటికిని అచ్చట నున్నవి. ఒకనాడు అడవిని కాల్చిన ప్రజలే, అది తమదని యెఱిగిన పిదప కాపలా కాచిరి. మనుష్యుడు తనది కాని దానిని దొంగిలించును. తనదైన దానిని దాచుకొనును. ఈ చిన్న సత్యమును తెలిసికొనుటకు ఎంత యడవి కాలవలసి వచ్చెను!

స్వాతంత్ర్యము వచ్చినది. 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీలను రద్దు చేసెను. రైతునకది విముక్తి. కాని జమీందారీ అడవులు ప్రభుత్వ పరము కాకముందే అమ్ముకొనవలెనను తొందరలో గొడ్డళ్లు మ్రోగెను. దానిని ఆపుటకై 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టము చేయవలసి వచ్చెను. ఉమ్మడి భూముల సంగతి అంతకంటె శోచనీయము. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధనాలయమున పనిచేసిన అర్థశాస్త్రజ్ఞుడు ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రములలోని మెట్ట గ్రామములను పరిశీలించి 1986లో ఒక వ్యాసమును ప్రకటించెను. 1950 మొదలు 1982 వఱకు గల కాలములో ఆ గ్రామముల ఉమ్మడి భూములు ప్రాంతమును బట్టి 31 మొదలు 55 శాతము వఱకు తఱిగెనని అతడు చూపెను. అట్టి భూములనుండి పేద కుటుంబములకు వచ్చు రాబడి వారి మొత్తము ఆదాయములో 14 మొదలు 23 శాతము వఱకు నుండెనట. ధనికునకు బీడు ఒక ఖాళీ స్థలము. పేదరాలికి అది మేక మేయు చోటు, పుల్ల యేరు చోటు, ఆకుకూర గిల్లు చోటు. బీడు తఱిగినప్పుడు ఆ తఱుగు జమాబందీ లెక్కలలో కనబడదు. పుల్లలమోపు కొఱకు ఆమె నడచు దూరములో కనబడును.

ఇదే కాలమున, 1968లో, గారెట్ హార్డిను అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఉమ్మడి పచ్చికకు నాశనము తప్పదని సిద్ధాంతము చేసెను. ఎవనికి వాడు ఇంకొక పశువును తోలుచుండగా పచ్చిక మిగులదనియు, ప్రభుత్వమైనను ప్రైవేటు యజమానియైనను దానిని పట్టుకొనవలెననియు అతని మతము. వాదము వినుటకు సొంపుగానున్నది. కాని కట్టుబాటు లేని బయలును, కట్టుబాటు గల ఉమ్మడి భూమిని అతడు ఒక్కటిగా చూచెను. మన దేశమునందే రెండు చిన్న యూళ్ల సమూహములు ఈ సిద్ధాంతమునకు ప్రత్యుత్తరమిచ్చినవి. వానిని గూర్చి కొంత విపులముగా చెప్పుట యుక్తము.

వంగదేశమున మిదునపూరు జిల్లాలో అరబారి యను చోట సాలవృక్షముల అడవి నఱకబడి నఱకబడి మోడులు మాత్రము మిగిలెను. అచ్చటి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 1972లో పదునొకండు గ్రామములవారిని కూడగట్టెను. 618 కుటుంబములు 1,272 హెక్టారుల అడవిని తాము కాపాడుదుమని ఒప్పుకొనెను. అందులకు ప్రతిఫలముగా వారికి పనియు, ఎండు పుల్లలు, ఆకులు మొదలగు వానిపై హక్కును, కలప అమ్మిన సొమ్ములో నాలుగవ వంతును ఇచ్చునట్లు ఏర్పాటు. సాలవృక్షమున కొక గుణము గలదు. పై మాను పోయినను వేరు బ్రతికియుండి చిగుర్చును. పశువు మేయకుండ, గొడ్డలి పడకుండ కొన్నియేండ్లు విడిచిన చాలును. కావున క్రొత్త మొక్కలు నాటు ఖర్చు లేకుండ, కేవలము కాపలా చేతనే అడవి లేచెను. 1989లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఈ పద్ధతిని తక్కిన అడవులకును వ్యాపింపజేసెను. ఈ మార్పునకు ప్రధానకారణము పోలీసు దండు గాదు, కంచె గాదు, వాటా.

రెండవది పంజాబు హర్యానాల రాజధానియగు చండీగఢ్ చేరువనున్న సుఖోమాజ్రి. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు శివాలిక్ కొండలనుండి కొట్టుకొనివచ్చు ఒండ్రుతో పూడిపోవుచుండెను. పట్టణమువారు పై గ్రామస్థుల మేకలను నిందించిరి. నేలసంరక్షణ శాస్త్రజ్ఞుడు పి.ఆర్. మిశ్రా మేకలను నిషేధించుటతో పని జరుగదని తెలిసికొని, గ్రామమునకేమి వలయునని అడిగెను. నీరు వలయునని వారనిరి. 1976 తరువాత చిన్న మట్టికట్టలు కట్టబడెను. ఇచ్చట నొక సూక్ష్మము. ఆ నీరు భూమి గలవారికి మాత్రమే దొరకినచో, భూమి లేనివాడు కొండపై మేకను ఏల మానును? కావున ప్రతి కుటుంబమునకు, సెంటు భూమి లేనివారికిని, నీటిలో సమాన భాగమని నిర్ణయించిరి. భూమి లేనివాడు తన వంతు నీటిని ఇతరులకిచ్చి ప్రతిఫలము పొందవచ్చును. అప్పుడు కొండను కాపాడుట అందఱి లాభమయ్యెను. రాతిగోడ లేదు, ముళ్లకంచె లేదు. ఊరి మాటయే కంచె. కొండమీద భాబరు గడ్డి పెరిగెను, పాడి పెరిగెను, సరస్సునకు చేరు ఒండ్రు తగ్గెను. సమత్వము ధర్మశాస్త్రములోని మాటగా మాత్రమే గాక, మట్టిని నిలబెట్టు సాధనముగా పనిచేయుట ఇచ్చట కనబడుచున్నది.

ఈ యనుభవముల ఫలితముగా 1988 జాతీయ అటవీ విధానము అడవిచెంత ప్రజల అవసరములకు మొదటి స్థానమిచ్చెను. ఆంధ్రప్రదేశమున 1992లో వన సంరక్షణ సమితులు మొదలై వేలకొలదిగ వ్యాపించెను. 2002లో సాముదాయిక అటవీ యాజమాన్యమను పేరున మఱియొక ఘట్టము వచ్చెను. ఇంటినుండి పురుషుడు మాత్రమే గాక స్త్రీయు సభ్యురాలు కావలెననుట ఈ సమితులలో మెచ్చదగిన యంశము. ఏలయనగా అడవికి పోవునది ఆమె; పుల్ల యేరునది ఆమె; ఏ చెట్టు చిగిర్చినదో ఏది చచ్చినదో ఎఱిగినది ఆమె. అయినను సభ్యత్వము పుస్తకములో వ్రాయుట వేఱు, మాట వినుట వేఱు. అనేక సమితులలో స్త్రీ వ్రేలిముద్రకు మాత్రమే పిలువబడినది. ఊరివారు తమంతట తాము వంటచెఱకు ఏరరాదని నిషేధించినప్పుడు, ఆ నిషేధపు భారము ఎవరి తలపై పడునో సభలోని పురుషులు ఆలోచింపలేదు. మన్యములో ఇంకొక బాధ. సమితి పేరిట పోడు భూములు మూయబడెనని గిరిజనులు మొఱపెట్టుకొనిరి. సంరక్షణమను పేరున హక్కు పోయినచో అది 1882 నాటి కథయే గాని వేఱు గాదు. తుదకు 2006లో అటవీ హక్కుల చట్టము పుట్టి, తాము అనాదిగా కాపాడుకొనుచు వచ్చిన అడవిని కాపాడుకొను హక్కు గ్రామసభదే యని ఒప్పుకొనెను. మద్రాసు రెవిన్యూ బోర్డువారు పలికిన మాట శాసనమగుటకు నూఱేండ్లు దాటినది.

అడవి కొఱకు ఇంత చర్చ జరిగినది గాని గడ్డినేల పక్షమున పలికినవారు తక్కువ. చెట్టు లేని చోటెల్ల వ్యర్థభూమి యని రెవిన్యూ లెక్కలు వ్రాసినవి. కాని నంద్యాల జిల్లా రోళ్లపాడు బయళ్లు వ్యర్థములు కావు. బట్టమేక పక్షికిని, కృష్ణజింకకును, గొఱ్ఱెల మందలకును అవి పుట్టినిండ్లు. 1988లో అచ్చట సుమారు 6 చదరపు కిలోమీటరుల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. కాని బట్టమేక ఆ చిన్న కంచెలోనే బ్రతుకు పక్షి గాదు. చుట్టునున్న బీళ్లు, మెట్ట చేలు దాని బ్రతుకునకు వలయును. ఆ బీళ్లు సాగులోనికి పోయెను. జింకలు పెరిగి రైతుల పంటలను మేసెను. రైతునకు నష్టమే గాని లాభము కనబడలేదు. ఇట్లు ఒకనాడు ఆ పక్షికి పేరుపొందిన చోట నేడది కానరాకపోయినది. లోపలి నేలను రక్షించి వెలుపలి మనుష్యుని మఱచుట వలని ఫలమిది.

చిత్తడినేలల విషయమున మన యింటి చరిత్రయే కొల్లేరు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమున నున్న ఆ సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్ల వఱద నీటిని త్రాగి, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు మెల్లగా విడుచును. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఆ సీమకు చేరువనున్న ఆరేడు గ్రామమున గూడబాతుల వసతిని కనుగొనెను. మనుష్యుల యిండ్ల నడుమనే, తాడిచెట్ల మీద ఆ మహాపక్షులు గూళ్లు కట్టుచుండెను. గ్రామస్థులు వానిని బాధింపకుండిరి. కాలక్రమమున ఆ వసతి శూన్యమైనది.

1970 దశకమున ప్రభుత్వము కొల్లేటి పేదలగు మత్స్యకారులకును, షెడ్యూల్డు కులములవారికిని సహకార సంఘములు ఏర్పఱచి, సరస్సు గర్భమున చేపల చెఱువుల కొఱకు భూమి నిచ్చెను. ఉద్దేశ్యము ఉత్తమము. కాని గట్లు వేయుటకు పెట్టుబడి కావలెను. పెట్టుబడి పేదవానియొద్ద లేదు. క్రమముగా భూములు లీజుల రూపమున ధనికుల చేతిలోనికి పోయెను. సహకారమను పేరు కాగితము మీద నిలిచెను. లాభము వేఱొకచోటికి పోయెను. పేరుగల సభ్యుడు తన చెఱువు గట్టుమీదనే కూలివాడయ్యెను. 1999లో అయిదడుగుల కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటరులు అభయారణ్యమయ్యెను. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరి అంతర్జాతీయ ఖ్యాతి నొందెను. 2006లో న్యాయస్థానముల యాజ్ఞచే గట్లు పేల్చివేయబడెను. అప్పుడు ధనికుని నష్టము లెక్కకు వచ్చినది. కూలి పోయిన పేదవాని నష్టము వాగ్దానములలో కలిసినది. కొన్నిచోట్ల గట్లు మరల లేచెను. 2024లో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది గృహములను ముంచినప్పుడు, ఆ యేటి నీరు తుదకు చేరవలసిన స్థానము కొల్లేరే యని చాలమందికి జ్ఞప్తికి వచ్చెను. సరస్సు తన చోటును మఱవదు. మనము మఱచిన యెడల మన యిండ్లలో చోటు వెదకికొనును.

దీనికి ప్రక్కగా నేలపట్టును చూడుడు. సూళ్లూరుపేట సమీపమున, పులికాటు సరస్సునకు చేరువనున్న ఆ చిన్న చెఱువులో గూడబాతులు నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టును. 1976లో అది పక్షుల ఆశ్రయముగా ప్రకటింపబడుటకు ముందునుండియే గ్రామస్థులు వానిని ఆదరించుచుండిరి. పక్షుల రెట్ట కలిసిన చెఱువు నీరు పొలములకు ఎరువగునని వారెఱుగుదురు. శాసనము వెనుక వచ్చినది. స్నేహము ముందే యున్నది. కొల్లేటికిని నేలపట్టునకును ఉన్న అంతరము పరిమాణములోనే గాదు. నేలపట్టున పక్షి బ్రతికినచో రైతునకు లాభము. కొల్లేట చేపల చెఱువు విస్తరించినచో సంఘపు సభ్యునికి గాక మఱియొకనికి లాభము.

ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి ప్రపంచము నలుమూలల ఇట్టి ఉమ్మడి కట్టుబాట్లను పరిశీలించి 1990లో ఒక గ్రంథము ప్రకటించెను. అర్థశాస్త్రమున నోబెలు బహుమానమును 2009లో పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఎల్లలు స్పష్టముగా నుండవలెను; నిబంధనలను అనుభవించువారే చేసికొనవలెను; కాపలాదారు వారికి జవాబుదారి కావలెను; తప్పునకు మొదట చిన్న దండన, పిదప పెద్ద దండన విధింపవలెను; పైప్రభుత్వము వారి హక్కును గుర్తింపవలెను. ఆమె చెప్పిన దాని సారాంశమిది. హార్డిను సిద్ధాంతమునకు ఇది శాస్త్రీయమైన సమాధానము. మన చరిత్ర దీనికి ఇంకొక షరతు చేర్చుమని చెప్పుచున్నది: ఉమ్మడి యను మాట కడపటి యింటివఱకు పోవలెను. నీరటివాని దాహము, మేకలు కాచు వితంతువు మాట, పెట్టుబడి లేని మత్స్యకారుని వాటా లెక్కకు రాని సంఘము ఎంత చక్కని నిబంధనలు వ్రాసికొన్నను నిలువదు. అరబారిలో వాటాయు, సుఖోమాజ్రిలో సమాన భాగమును నిలబెట్టిన దానిని కొల్లేట వాటా లేమి కూలద్రోసెను.

ఇది ప్రభుత్వపు పని గదా, మనకేమి పని యని గృహస్థులు తలంపవచ్చును. మన గ్రామపు చెఱువు శిఖము ఎల్లలెంతవఱకో, మేతబీడు ఎన్ని యెకరములో, అందులో ఎంత మిగిలినదో గ్రామసభలో అడుగుట మన పని. ఆ సభకు ఇంటి స్త్రీలను పంపుట మన పని. వారు పలికినప్పుడు మధ్యలో త్రుంచకుండుట అంతకంటె ముఖ్యమైన పని. సభలో కడపటి వాడకు ముందు వరుసలో చోటిచ్చుట మన పని. పలనాటివారు గడ్డి కొఱకు ప్రాణములిచ్చిరి. మనలను నేడెవ్వరును ప్రాణము లడుగుట లేదు. నెలకొక పూట ఊరివారితో కలిసి కూర్చుండి, ఉమ్మడి దానిని ఉమ్మడిగా లెక్కించుకొనుమని మాత్రమే చరిత్ర యడుగుచున్నది. ఆపాటి ఋణమును తీర్పలేని గృహము ఎంత సంస్కారవంతమైనను, దాని పొయ్యిలో మండునది ఇంకొకరి పుల్లయే.